సరోజ పెద్దమ్మ ఎంకపల్లిలో ఉన్న వారం

చేవెళ్లలో మా చర్చి వాళ్ల ఇళ్లల్లో ఎవరైనా చనిపోతే, పాస్టరు గారికంటే ముందు మా సరోజ పెద్దమ్మకు ఫోన్ వెళ్లేది. ఆమె వచ్చిందంటే ఆ ఇంటివాళ్లకు ఏడవడం తప్ప వేరే పని ఉండేది కాదు. కుర్చీలు ఎక్కణ్నుంచి తేవాలి, పెద్ద గిన్నె ఎవరింట్లో ఉంది, ఏ బంధువుకు ఇంకా కబురు అందలేదు, అన్నీ తనే చూసుకునేది. చాయ్ కాచి, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లను పేరుపెట్టి పిలిచి మరీ తాగించేది. ఆ హడావుడి అంతా అయ్యాక ఆ ఇంటి ఆడమనిషి పక్కన చేరి, ఆమె ఎంతసేపు ఏడిస్తే అంతసేపు కదలకుండా కూర్చునేది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బడిలో మారుపేరు లేని పిల్లలు ఉండరు, అన్నీ ఆమె పెట్టినవే. ఒకసారి ఆటల పోటీల్లో టీచర్ల ఆటలో ఒక జట్టుకు మనిషి తక్కువైతే, కొంగు నడుముకు చుట్టి ఖోఖోలో దిగి, అవతలి జట్టులోని హిందీ టీచరును మూడు అడుగుల్లో ముట్టేసింది. ఆ టీచరు ఎదురుపడినప్పుడల్లా, "టీచరమ్మా, ఇయ్యాల ఉరుకుదమా?" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

పెదబాపు పేరు భిక్షపతి. గండిపేట దగ్గర కొత్తగా కట్టిన ఒక విల్లాల సముదాయంలో తోటపని చేస్తాడు. నెమ్మదైన మనిషి. పొద్దున్నే బండి మీద వెళ్లి, పొద్దుగూకాక వస్తాడు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, జెన్నీ. నాకంటే రెండేళ్లు చిన్నది. డిప్లొమా పూర్తి చేసి చందనవెల్లిలో ఒక కంపెనీలో చేరింది. కంపెనీ బస్సు పొద్దున్నే చేవెళ్లలో రోడ్డుకు అవతలి వైపు ఆగేది. పెద్దమ్మ రోజూ రోడ్డు దాకా తోడు వెళ్లేది. తోడు అంటే, టిఫిన్ డబ్బా ఆమె చేతిలో, నీళ్ల బాటిల్ ఆమె చేతిలో, జెన్నీ చేతిలో దువ్వెన. నడుస్తూ జడ వేసుకోవడం దానికి అలవాటు.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఒక పొద్దున వాళ్లు రోడ్డు దగ్గరికి వచ్చేసరికే బస్సు వచ్చి ఆగి ఉంది. "ఉరుకు బిడ్డా, బస్సు పోతది" అంది పెద్దమ్మ. జెన్నీ డబ్బా అందుకుని పరిగెత్తింది. ఆగిన బస్సును దాటుకుంటూ ఒక లారీ వచ్చింది. ఆస్పత్రికి చేరేలోపే జెన్నీ ప్రాణం పోయింది.

సమాధి రోజున పెద్దమ్మ వాళ్ల ఇంటి నిండా జనం. జెన్నీతో పనిచేసే అమ్మాయిలు కంపెనీ యూనిఫాంలోనే వచ్చి, గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు. పెద్దమ్మ వాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరి ముఖం తన కొంగుతో తుడిచి, "తిన్నరా బిడ్డా? డ్యూటీకెల్లి సీదా వచ్చినట్టున్నరు" అని అడిగింది. లోపలికి వెళ్లి చాయ్ పెట్టించింది. వచ్చిన వాళ్లందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఆ రోజు ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

నెల తిరక్కుండానే బడిలో వంటకు వెళ్లింది. అదే గొంతు, అవే మారుపేర్లు. కానీ మెల్లమెల్లగా ఏదో తేడా కనపడసాగింది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వాడటం మానేసింది. అన్నం గిన్నెలోనే వండుతోంది. రుచి కోసమేమో అనుకున్నాం. అసలు సంగతి అది కాదు. కుక్కర్ ఆవిరి వదిలే చప్పుడు, బస్సు బ్రేకు వేసినప్పుడు వచ్చే 'బుస్సు' చప్పుడు ఒకేలాగా ఉంటాయి. బజారుకు వెళ్లాలంటే రోడ్డు దాటకుండా ఇవతలి వైపు దొరికేవే కొనుక్కునేది. చేవెళ్లలో ఇవతలి వైపు మందుల దుకాణం లేదని పెదబాపు బీపీ గోలీలు తెచ్చిపెట్టేవాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత చేతుల బాధ మొదలైంది. పొద్దున కంపెనీ బస్సు వచ్చే వేళకు ఆమె వేళ్లు బిగుసుకుపోయేవి. పట్టుకున్న గరిటె విడిపించాలంటే పక్కనున్న వాళ్లు ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చేది. ఒకరోజు బడిలో వేడి సాంబారు గిన్నె ఎత్తబోతుంటే అలాగే అయింది. అదృష్టం బాగుండి పిల్లలెవరూ దగ్గర లేరు. ఆ సాయంత్రమే పెద్దమ్మ పనికి రానని హెడ్మాస్టరుకు చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి నన్ను చూసి నవ్వింది. "ముసల్దాన్నైతున్న సమతా" అంది. ఆమెకు యాభై రెండేళ్లు.

నరాల డాక్టరుకు చూపించాం. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఇది మనసుకు తగిలిన దెబ్బ అని ఆయనే చెప్పి కౌన్సెలింగ్‌కు రాశాడు. దవాఖానలో వారానికి ఒకరోజు కౌన్సెలర్ కూర్చుంటారు. మంచావిడ. నేనే పెద్దమ్మను తీసుకెళ్లేదాన్ని. బయట చాలామంది ఎదురుచూస్తూ ఉండేవాళ్లు, లోపల ఒక్కొక్కరికీ దొరికే సమయం కొంచెమే. పెద్దమ్మ అందులో సగం ఆ కౌన్సెలర్ పిల్లల చదువులు కనుక్కోవడానికే వాడేది. మిగిలిన సగంలో గొంతు కాస్త వణికేసరికి సమయం అయిపోయేది. కళ్లు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చి, రోడ్డు చప్పుడు వినగానే మళ్లీ నవ్వు ముఖం పెట్టుకునేది. ఇలా కొన్ని నెలలు గడిచాయి. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

చివరికి ఆ కౌన్సెలరే అంది, "సరోజమ్మా, మీరు నోరు తెరిచేసరికి టైం అయిపోతున్నది. తెల్లారి నుంచి వారం దాక మళ్ల అన్నీ లోపల దాచుకుంటున్నరు. ఎంకపల్లి దిక్కు ఒక సెంటరున్నది. ఆడనే ఉండాలె, వారం రోజులు. రోజూ పొద్దున కొన్ని గంటలు, మాపు కొంచెం సేపు, ఇదే పని. ఇంటెన్సివ్ థెరపీ అంటరు. అందరికి పడదు. మీకు పడుతదని నాకు అనిపిస్తున్నది."

ఇంటికి వచ్చాక పెద్దమ్మ, "నేనేం పిచ్చిదాన్నా? వారం రోజులు ఆడ పండవెట్టనీకి" అంది. అమ్మ చెప్పి చూసింది, నేను చెప్పి చూశాను. పెదబాపు, "నీ ఇష్టం" అన్నాడు. ఇక లాభం లేదని నేను పాస్టరు పేతురు గారిని పిలుచుకొచ్చాను. ఆయన వాక్యం చెప్పి ఒప్పిస్తాడనుకున్నాను. ఆయన బైబిలు తెరవనే లేదు.

"సరోజక్కా, ఈ రెండేండ్లల్ల నేను మిమ్మల్ని ఓదార్చనీకి ఎన్నోసార్లు వచ్చిన. వచ్చినప్పుడల్లా మీరే నాకు చాయ్ పోసి, మా ఆవిడ మోకాళ్ల నొప్పి సంగతి అడిగి, నన్నే ఓదార్చి పంపిస్తున్నరు" అన్నాడు. "మీ సంగతి నాతోని అయ్యేటట్టు లేదు. పోయి రండి."

పెద్దమ్మకు నవ్వు ఆగలేదు. అలా నవ్వుతూనే సరేనంది.

నేను మొయినాబాదులో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. దసరా సెలవులు కాబట్టి తోడు వెళ్లాను. ఆ సెంటరును ఒక ట్రస్టు నడుపుతోంది, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఉచితం. ముందుగా ఒక మానసిక వైద్యుడు పెద్దమ్మతో చాలాసేపు మాట్లాడి, నిద్ర, బీపీ, మందులు అన్నీ కనుక్కుని, ఆమె తట్టుకోగలదన్న నమ్మకం కుదిరాకే చేర్చుకున్నారు. చుట్టూ చామంతి తోటలు, మధ్యలో పాత పెంకుటిల్లు, దాని వెనక నాలుగు గదులు. మాతోపాటు నగరం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎవరి గది వాళ్లదే.

పెద్దమ్మను చూసే సైకాలజిస్టు పేరు అనూహ్య. ముప్పై దాటి ఉంటుంది, పొట్టి జుట్టు. పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "బిడ్డా, నువ్వు తిన్నవా?" అంది.

"తిన్నానమ్మా. కానీ ఈ వారం ఆ మాట అడిగేది మేము, మీరు కాదు" అంది అనూహ్య. "ఇంకో షరతు ఉంది. ఇక్కడ మీరు ఎవరికీ వండొద్దు, వడ్డించొద్దు, గిన్నెలు తోమొద్దు."

"మరి నేనేం జెయ్యాలె?"

"అదే చూద్దాం."

పెద్దమ్మ ఆ షరతును మధ్యాహ్నం దాకా పాటించింది. భోజనాల వేళ వంటగది గడప మీద నిలబడి, అక్కడ వండే పెంటమ్మతో, "అవ్వా, ఈ పప్పుల చింతపండు ఏసినవా, ఉత్తగ చూపెట్టినవా?" అంది.

పెంటమ్మ ఎంకపల్లి మనిషే. గరిటె ఎత్తి పట్టుకుని, "నువ్వు పేషెంటువు. పో, పోయి కూసో. మేడం చూస్తే నన్ను తిడుతది" అంది. అలా మొదలైంది వాళ్ల స్నేహం.

మొదటి రోజు అనూహ్య ప్రమాదం ఊసే ఎత్తలేదట. భయం పైకి వచ్చినప్పుడు మనిషి తిరిగి ఈ గదిలోకి, ఈ రోజులోకి ఎలా రావాలో నేర్పింది. కాళ్లు నేలకు ఆనించి, కళ్ల ముందు ఉన్నవి పైకి పేరుపెట్టి చెప్పడం. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ఒక భుజం తర్వాత ఒక భుజం మెల్లగా తట్టుకోవడం. పెద్దమ్మ గదికి వచ్చి నాకు చేసి చూపించింది. "పసిపోరగాండ్లను జోకొట్టినట్టు మనల్ని మనమే జోకొట్టుకునుడు. గింత సదువు సదివి గిదేనా?" అంది. కానీ ఆ సాయంత్రం తోట గట్టు మీద కూర్చుని, నేను చూడటం లేదనుకుని, చాలాసేపు అలాగే తట్టుకుంది.

రెండో రోజు జెన్నీ గురించి చెప్పమన్నారు. పెద్దమ్మ రెండు ముక్కల్లో చెప్పేసిందట. లారీ వచ్చింది, బిడ్డ పోయింది, దేవుని చిత్తం. అనూహ్య విని, "ఇప్పుడు ఇంటి గడప దగ్గర్నుంచి చెప్పండమ్మా" అందట. "ఆ రోజు జెన్నీ ఏ చెప్పులేసుకుంది?"

చెప్పుల కంటే ముందుకు ఆ రోజు పెద్దమ్మ పోలేకపోయింది.

అక్కణ్నుంచి రోజూ అదే పని. ఆ పొద్దును గడప నుంచి రోడ్డు దాకా, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ. ఎక్కడ ఒళ్లు బిగుసుకుంటే అక్కడ ఆగడం, భుజాలు తట్టుకోవడం, నీళ్లు తాగడం, కాసేపు తోటలో నడిచి రావడం, మళ్లీ కూర్చోవడం. మధ్యలో ముఖం మార్చుకుని ఇంటి పనుల్లో దాక్కోవడానికి ఇల్లు లేదు. అలసిపోయి వచ్చి పడుకునేది. ఆమెను నేను అంత అలిసిపోగా ఎన్నడూ చూడలేదు.

మధ్యలో ఒకరోజు చాలా ఘోరంగా గడిచింది. పొద్దున తిన్నదంతా కక్కేసింది. చేతులు మునుపటి కంటే గట్టిగా బిగుసుకున్నాయి. నేను దగ్గరికి పోతే, "నువ్వే తోలుకొచ్చినవ్ నన్ను ఈడికి! మంచిగున్నదాన్ని ఖరాబు జేసిండ్రు" అని అరిచింది. జీవితంలో మొదటిసారి నా మీద అరిచింది. చీరలు సంచిలో కుక్కుకుని గేటు వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తాను.

గేటు దగ్గర అనూహ్య నిలబడి ఉంది. అడ్డం రాలేదు.

"వెళ్లాలంటే వెళ్లొచ్చమ్మా. మధ్యలో ఇంకా కష్టంగా అనిపిస్తుందని మొదట్లోనే చెప్పాను. ఈరోజు ఇక చాలు, రేపు మెల్లగా చేద్దామన్నా సరే, అసలు వద్దన్నా సరే. మీ మీద నాకేం కోపం ఉండదు" అంది. "ఒక్కటే అడుగుతా. మీ లోపల ఉన్నది ఇంటికెళ్లి ఎవరికి చెప్తారు?" అంది.

పెద్దమ్మ సంచి కింద పెట్టింది. గేటు పట్టుకుని నిలబడింది. నేల వైపు చూస్తూ అంది.

"నేను కదల్లే మేడం. నా బిడ్డ రోడ్డు మీద పడ్డది. నేను ఇవుతల్నే నిలబడ్డ. దగ్గరికి పోలే. ఉరుకుమన్నది నేనే, పడ్డంక పోనిది నేనే. తల్లినేనా నేను?"

ఏడ్చే అందరి పక్కనా కూర్చునే మనిషి, రెండేళ్లుగా ఈ మాటను ఎవరికీ చెప్పకుండా మోసింది. అనూహ్య ఆమెను దగ్గరికి తీసుకుని, "ఇది ఇన్నాళ్లూ ఒంటరిగా మోశారా?" అని మాత్రం అంది. ఆ రోజు ఇంకే సెషనూ పెట్టలేదు. పెంటమ్మ వచ్చి సంచి లోపలికి తీసుకుపోయింది. సాయంత్రం ఆమె బతుకమ్మ కోసం తెచ్చిన గునుగు పూలు ముందేసుకుని కూర్చుంటే, పెద్దమ్మ కూడా పక్కన కూర్చుని కాడలు సమంగా తుంచి ఇచ్చింది. అది వంట కాదు కదా అని అనూహ్య చూసీ చూడనట్టు వెళ్లిపోయింది.

మర్నాడు గదిలో ఏమైందో పెద్దమ్మ తర్వాత నాకు చెప్పింది. లారీ చప్పుడు దాకా వచ్చి ఎప్పుడూ ఆగిపోయే జ్ఞాపకం ఆ రోజు ఇంకొంచెం ముందుకు పోయిందట. తన తొడల మీద బరువు తెలిసిందట. జెన్నీ తలకు రాసుకునే నూనె వాసన వచ్చిందట. ఎవరో తన వేళ్లు ఒక్కొక్కటే విప్పుతున్నట్టు అనిపించిందట.

"అది జరిగిందా, నా మనసే కల్పించుకున్నదా మేడం?" అని అడిగిందట.

"నాకు తెలియదమ్మా. నేను అక్కడ లేను. తెలియని దాన్ని అవునని చెప్పలేను" అందట అనూహ్య. "ఆ రోజు సంగతి తెలిసిన వాళ్లెవరైనా ఉన్నారా?"

ఇంటివాళ్లతో కలిసి కూర్చోవాల్సిన రోజు ఎలాగూ ఉంది. పెదబాపు పని నుంచి సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. గోళ్లలో మట్టి అలాగే ఉంది. కుర్చీ అంచున కూర్చున్నాడు. నన్ను కూడా ఉండమన్నారు. అనూహ్య ఆయన్ను ఏదీ సూటిగా అడగలేదు. ఆ రోజు ఆయన ఏం చూశాడో, గుర్తున్నంత వరకు చెప్పమంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు ఫోనొస్తే గండిపేటకెల్లి దవాఖానకు వచ్చిన. అప్పటికే అయిపోయింది. సరోజ బల్ల మీద కూసున్నది. పలుకుతలేదు. చీర నడుము కాడికెల్లి కింది దాక నెత్తురుతోని తడిసి ఉండె. అంబులెన్సుల వచ్చిన పిలగాడు నాకు చెప్పిండు. 'పెద్దమనిషీ, అమ్మ ఒళ్లెకెల్లి బిడ్డను తీసుకునుడు మాతోని కాలే. ఇద్దరం పట్టి ఏలు ఏలు ఇప్పినం' అని."

పెద్దమ్మ ఆయన వైపే చూస్తోంది. "నేను ఉరికిన్నా?"

"ఉరకకపోతే నీ ఒళ్లెకు ఎట్లొచ్చె?"

"ఆ చీర ఏది?"

"పని కాడికి కొంచవోయి తోటల బొందవెట్టిన. నీ కండ్లవడొద్దని."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నీకు ఎరుకనే అనుకున్న" అన్నాడు పెదబాపు. "నువ్వు నవ్వుకుంట తిరుగుతుంటివి. యాది జేస్తే నీకు కష్టమైతదని నేను నోరు మూసుకున్న."

అప్పుడు వచ్చింది పెద్దమ్మకు ఏడుపు. దాన్ని నేను వర్ణించలేను. వంటగదిలోంచి పెంటమ్మ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఊరుకోమని ఎవరూ అనలేదు. పెదబాపు కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి వేసింది. ఆ చేతి వేళ్లు విచ్చుకుని ఉన్నాయి.

అంతటితో అన్నీ సర్దుకున్నాయంటే అబద్ధం. ఉరుకుమన్నది నేనేనన్న మాట ఆమెను వదల్లేదు. మిగిలిన రోజుల్లో అనూహ్య దాని మీదే పనిచేసింది. ఆ మాట రోజూ అనేవారా, ఎందుకు అనేవారు, జెన్నీ ఏమనేది, లారీ ఏ వైపు నుంచి వచ్చింది. "తప్పు లారీదే అని నా తలకాయకు తెలుసు బిడ్డా. కడుపుకు తెలుస్తలేదు" అంది పెద్దమ్మ. అనూహ్య ఒప్పుకుంది. "కడుపుకు తెలియడానికి ఇంకొంచెం టైం పడుతుంది. తొందరేం లేదు" అంది. ఒకరోజు జెన్నీ ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని, చెప్పాల్సింది చెప్పమన్నారట. ఏం చెప్పిందో పెద్దమ్మ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

వెళ్లే ముందు రోజు మమ్మల్ని కారులో చేవెళ్ల తీసుకెళ్లారు. మొదట రోడ్డు పక్కన కారులోనే కూర్చున్నాం. తర్వాత దిగి నిలబడ్డాం. ఒక బస్సు వచ్చి ఆగి, బుస్సుమంది. పెద్దమ్మ నా ముంజేతిని పట్టుకున్న గుర్తులు చాలా రోజులు ఉన్నాయి. కానీ పారిపోలేదు. కాళ్లు నేలకు ఆనించి, "అరటిపండ్ల బండి. ఎర్ర హెల్మెట్. పోలీసాయన. నా చెప్పులు. ఇది ఇయ్యాల. ఇది ఆనాడు కాదు" అని చెప్పుకుంది. మొదటిసారి దాటలేకపోయింది. వెనక్కి వచ్చి కారులో కూర్చుని నీళ్లు తాగింది. రెండోసారి సగం దాకా వెళ్లి తిరిగొచ్చింది. మూడోసారి అనూహ్య ఒక పక్క, నేను ఒక పక్క ఉండగా దాటింది. దాటీ దాటగానే, తప్పుడు దారిలో బండి మీద దూసుకొచ్చిన ఒక మనిషిని ఆపి, అతని తాతముత్తాతల దాకా కడిగిపారేసింది. అతను హెల్మెట్ తీసి మరీ క్షమాపణ చెప్పాడు. అనూహ్య నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. పెద్దమ్మ బడిలో వంటకు మళ్లీ వెళ్తోంది. చేతులు ఇప్పటికీ అప్పుడప్పుడు బిగుసుకుంటాయి, ముఖ్యంగా వానాకాలంలో. అప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, పక్కన పనిచేసే వాళ్లకూ నేర్పి పెట్టింది. కుక్కర్ మాత్రం వాడదు. మొదట్లో అనూహ్య వారం వారం ఫోన్ చేసేది, తర్వాత నెలకోసారి. చావు ఇళ్లకు మునుపటిలాగే వెళ్తుంది, కానీ ఇప్పుడు అక్కడ తనూ ఏడుస్తుంది. పోయినేడు మా చర్చి పెద్దాయన అంతయ్య తాత పోయినప్పుడు, చాయ్ పని వేరే వాళ్లకు అప్పగించి, పక్కన కూర్చుని తనివితీరా ఏడ్చి, "నాకు జర నీళ్లియ్యిండ్రి" అని అడిగి తాగింది. ఆమె ఒకరిని ఏదైనా అడిగి తీసుకోవడం మా చర్చిలో చాలామంది అదే మొదటిసారి చూడటం.

ఎంకపల్లి నుంచి వచ్చిన కొన్నాళ్లకు పెదబాపు అన్నం తింటూ, తల ఎత్తకుండా, "ఆ మేడం నన్ను గూడ అట్ల కూసుండవెట్టి అడుగుతదా?" అన్నాడు. పెద్దమ్మ ఆయన వైపు చూసి, చెయ్యి కడుక్కోకుండానే నాకు ఫోన్ చేసింది.

వారమంతా ఒక్కచోట కూర్చోవడం ఆయన వల్ల కాదని అనూహ్య మొదటి మాటల్లోనే గ్రహించింది. ఆయనకు కొంచెం కొంచెంగా, సెలవు దొరికినప్పుడల్లా, తోటలో నడుస్తూ మాట్లాడటమే నప్పుతుందంది. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక కొన్నిసార్లు ముగ్గురం ఎంకపల్లి వెళ్తాం. ఆయన అనూహ్యతో చామంతి సాళ్ల మధ్య నడుస్తుంటే, పెద్దమ్మ, పెంటమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏ కూరలో కారం ఎంత పడాలో గొడవ పడుతుంటారు.

మొన్న వెళ్లినప్పుడు ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దమ్మ చాట పక్కకు జరిపి చోటిచ్చింది. ఆయన కూర్చుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"జెన్నీ డిప్లొమా సదివేటప్పుడు, కాలు బెణికిందని వారం రోజులు కాలేజి పోలేదు, యాదికున్నదా?"

"ఆఁ. మెట్ల మీద పడ్డదంటిరి."

"మెట్లు గాదు. నా బండి. గండిపేట విల్లాల కాడ ఖాళీ రోడ్డు మీద నేర్పుతుంటి. బ్రేకు బదులు రేజు ఇచ్చి సీదా పూలకుండీల మీదికి పోయింది. నాలుగు కుండీలు పలిగినయి. 'మమ్మీకి చెప్పకు బాపూ' అని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది."

పెద్దమ్మ ఒలిచే చెయ్యి ఆపి ఆయన్నే చూసింది. ఈ సంగతి ఆమె ఇన్నేళ్లలో వినలేదు.

"మరి కుండీల సంగతేం జెప్పినవ్ ఆడ?"

"కోతులని చెప్పిన."

పెద్దమ్మ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "దొంగలు! ఇద్దరికి ఇద్దరు దొంగలు" అంది. "ఇంకేమేం దాసిండ్రయ్యా నా కాడ? చెప్పు, ఇంకోటి చెప్పు."

పెదబాపు ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుని, దాని ఈనె తీస్తూ, ఇంకోటి చెప్పడం మొదలుపెట్టాడు.